మనోవ్యాధికి మందు లేదంటే సరిపోతుందా?

మనవాళ్ళలో ఎవరికైనా ఒంట్లో బాగుండలేదని తెలిస్తే చూడడానికి వెళ్తాము. జ్వరమో దెబ్బో అయితే చెప్పవలసిన మాటలు మనకు తెలుసు. అలా కాకుండా జబ్బు కొంత తగ్గి, మళ్ళీ తిరగబెట్టి, డాక్టర్లు కూడా ఇదీ కారణమని ఒక్క మాటలో చెప్పలేని పరిస్థితి అయితే, లేచి వచ్చే ముందు మనం అనే మాట ఒకటుంది: "అంతా మనసులోనే ఉందండీ, మనసు గట్టి చేసుకోండి." మనోవ్యాధికి మందు లేదన్న సామెతను కూడా ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. ఇలా అనేవారికి చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. అయితే వినేవారికి ఆ మాటలో రెండు సంగతులు వినిపిస్తాయి. నీ జబ్బు నిజం జబ్బు కాదు అన్నది ఒకటి. దానికి నువ్వే కారణం అన్నది రెండవది. ఈ రెండింటిలో సత్యమెంత, న్యాయమెంత అన్నది ఆలోచించాలని మా ఉద్దేశం.

ఈ ఆలోచన మాకు ఊరికే రాలేదు. ఎండలు ముదరక ముందు మేము కొందరం మస్కట్‌కు దూరంగా ఉన్న ఒక పనివాళ్ళ కాంపుకు వెళ్ళాము. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తాపీమేస్త్రీ అక్కడ ఉన్నాడు. వాళ్ళ వైపు సుతారి అంటారు. అతనికి చాలాకాలంగా మోచేతుల మీద రూపాయి బిళ్ళంత ఎర్రని మచ్చలు, వాటి మీద తెల్లని పొలుసులు ఉండేవట. దానిని సోరియాసిస్ అని ఊళ్ళో డాక్టరు చెప్పాడట. పెద్దగా బాధపెట్టేది కాదు గనుక అతను పట్టించుకోలేదు. ఇంతలో ఇంటి దగ్గర తల్లి పోయింది. సెలవు దొరకలేదు. పెద్దకొడుకుగా తాను పెట్టవలసిన తలకొరివి తమ్ముడు పెడుతుంటే, ఇతను మంచం మీద కూర్చుని ఫోనులో చూశాడు. నెల తిరగకముందే పొలుసులు అరచేతులకూ పాదాలకూ పాకాయి. తాపీ పట్టుకుంటే చర్మం చీలి నెత్తురు వచ్చేది. పని చేయించే ఆయన "టెన్షన్, అంతే" అని మళ్ళీ పనికి పంపాడు. గదిలోని స్నేహితులు మనసు గట్టిగా చేసుకొమ్మని చెప్పారు. మేము కూడా అదే చెప్పబోయాము. అతను మాకంటే ముందే అన్నాడు: "నేను గట్టిగనే ఉన్న అన్నా. నా చేతులే నా మాట వింటలేవు."

తిరిగి వచ్చేటప్పుడు కారులో వాదన మొదలయింది. మాతో వచ్చిన ఒక పెద్దాయన, పాతకాలం లెక్కల మాస్టారు, ఇలా అన్నారు: "తల్లి పోయిన తరువాతే కదా పెరిగింది! కనుక ఇది మనసు జబ్బే. లోకంలో ఎందరికి తల్లులు పోవడం లేదు? అందరికీ ఒళ్ళు ఇలా అవుతోందా? అబ్బాయికి నిబ్బరం చాలలేదు." పక్కన కూర్చున్న నర్సమ్మగారు ఒప్పుకోలేదు. "అలా అనకండి మాస్టారూ. ఇది చర్మం జబ్బు. ఒంటిని కాపాడవలసిన కణాలు దారి తప్పి సొంత చర్మం మీద పడడం వల్ల వచ్చేది. మనసని మీరంటే అతను మందు మానేసి దండకాలు చదువుకుంటూ కూర్చుంటాడు" అన్నారు. వాదన రూవి చేరేదాకా నడిచింది, తేలలేదు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదనీ, ఇద్దరి మాటల మధ్య ఏదో లోటు ఉన్నదనీ మాత్రం మాకు తోచింది. ఆ లోటును పూడ్చడానికి శాస్త్రం ఏమంటున్నదో ముందు చూద్దాము.

మిరపకాయతో మొదలుపెడితే మనకు సులభంగా తెలుస్తుంది. ఆవకాయ కలిపిన చెయ్యి గంటల తరబడి మండుతుందని మన ఇళ్ళలో తెలియనివారు లేరు. చర్మం వేడెక్కుతుంది, ఎర్రబడుతుంది, ఒక్కొక్కసారి ఉబ్బుతుంది. అక్కడ గాయం లేదు, సూక్ష్మక్రిమి లేదు. మరి ఆ మంట, వాపు ఎక్కడివి? కారంలో ఉండే కాప్సైసిన్ అనే పదార్థం చర్మంలోని సన్నని నాడుల కొసలను తాకుతుంది. ఆ కొసల మీద వేడిని కనిపెట్టే ఒక ద్వారం ఉంది. దానిని 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. అందుకు ఆయన 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆ ద్వారం తెరుచుకోగానే నాడి రెండు పనులు చేస్తుంది. మండుతున్నదని మెదడుకు కబురు పంపడం ఒకటి. అదే సమయంలో తన కొస నుంచి చర్మంలోకే కొన్ని రసాయనాలను వదలడం రెండవది. మనం చాలాకాలం మొదటి పనినే నాడి పని అనుకున్నాము. ఇప్పుడు మన విషయానికి రెండవదే ముఖ్యం.

నాడులు వదిలే ఆ రసాయనాలను న్యూరోపెప్టైడ్లు అంటారు. మాంసకృత్తులు కట్టబడిన ఇటుకల వంటివి అమైనో ఆమ్లాలు. వాటిని కొద్దిగా గొలుసు కడితే పెప్టైడ్ అవుతుంది. వీటిలో మొదట దొరికినది సబ్‌స్టెన్స్ పి. 1931లో ఫాన్ ఆయిలర్, గాడమ్ అనే ఇద్దరు గుర్రపు మెదడు నుంచీ పేగుల నుంచీ తీసిన సారంలో దానిని కనుగొన్నారు. అది పదకొండు అమైనో ఆమ్లాల గొలుసు అని తేల్చడానికి మరి నలభై ఏళ్ళు పట్టింది. 1970-71లో సూసన్ లీమన్ బృందం ఆ పని చేసింది. దీనికి తోడుగా 1980 తరువాత సి.జి.ఆర్.పి. అనే మరొకటి బయటపడింది. నాడి కొస నుంచి ఇవి వెలువడగానే రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడల నుంచి నీరు ఊరుతుంది, దగ్గరలోని మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను కక్కుతాయి, రక్తంలోని తెల్లకణాలు అక్కడికి చేరతాయి. తెల్లకణాల ఒంటి మీద ఈ పెప్టైడ్లను అందుకునే తావులు ఉన్నాయి. నాడి మాట వారికి అర్థమవుతుందన్న మాట.

ఇది మందుల సీసాలకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. ఎవరైనా తమ ముంజేతి మీద గోటితో గట్టిగా ఒక గీత గీచి చూడవచ్చు. మొదట గీత కనిపిస్తుంది, తరువాత గీతకు ఆవల కూడా ఎర్రదనం పాకుతుంది, చివరకు కొందరికి గీత ఉబ్బుతుంది. మన నల్లని చర్మం మీద ఎరుపు అంత తెలియకపోయినా వేడి చేతికి తెలుస్తుంది. లండన్ వైద్యుడు థామస్ లూయిస్ 1920లలో ఈ మూడు మెట్లనూ శ్రద్ధగా పరిశీలించి రాశాడు. గోరు తగలని చోటికి ఎర్రదనం పాకేది నాడుల ద్వారానే. నాడి తెగి ఎండిపోయిన చర్మం మీద అది పాకదు. హంగరీలో యాంచో అనే శాస్త్రజ్ఞుడు కారాన్ని పదే పదే పూసి జంతువుల నాడుల కొసలను మొద్దుబరిచాడు. ఆ తరువాత మంట పుట్టించే ఇతర పదార్థాలు పూసినా వాపు రాలేదు. ఆయన 1966లో చనిపోయారు. మరుసటి ఏడు వెలువడిన వ్యాసంలో, నాడులే పుట్టించే వాపు అనేది ఒకటి ఉన్నదన్న మాట స్థిరపడింది.

వైద్యులు రోగులలో చూసిన సంగతులు ఇంకా ఆశ్చర్యంగా ఉంటాయి. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయినవారికి తరువాత కీళ్ళవాతం వస్తే, పడిపోయిన పక్క కీళ్ళు అంతగా వాయకపోవడం గమనించారు. సోరియాసిస్ ఉన్నవారికి ఏ కారణం చేతనో ఒక నాడి తెగితే, ఆ నాడి పరిధిలోని మచ్చలు మాసిపోయిన సందర్భాలు రాసి ఉన్నాయి. ఇద్దరికీ ఒంట్లో ప్రవహించే రక్తం ఒకటే, తెల్లకణాలు అవే. నాడి సద్దుమణిగిన చోట మంట కూడా తగ్గింది.

ఇక దుఃఖం సంగతి. తల్లి పోయిన కబురు చెవిన పడితే మెదడులోని హైపోథాలమస్ నుంచి సి.ఆర్.హెచ్. అనే న్యూరోపెప్టైడ్ వెలువడుతుంది. 1981లో విలీ వేల్ బృందం దానిని విడదీసింది. దాని ఆజ్ఞతో వరుసగా ఇతర గ్రంథులు పని చేసి, చివరకు కార్టిసాల్ రక్తంలో పెరుగుతుంది. కార్టిసాల్ మామూలుగా వాపును అణచేదే. కాని దిగులు నెలల తరబడి సాగితే, నిద్ర చెడితే, ఆ అదుపు చెడుతుంది. ఒహాయోలో 1995లో జరిగిన ఒక చిన్న పరిశోధన మాకు మరపు రాదు. మతి తప్పిన ఆత్మీయులకు సేవ చేస్తున్న పదముగ్గురు స్త్రీలకూ, అటువంటి భారం లేని పదముగ్గురికీ చేతి మీద ఒకే కొలత చిన్న గాయం చేసి, మానేదాకా చూశారు. సేవ చేస్తున్నవారి గాయం మానడానికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. వారిలో ఎవరూ నిబ్బరం లేనివారు కారు. మనిషిని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉన్నవారు.

ఇంతవరకు చదివినవారు మాస్టారే గెలిచారనుకోవచ్చు. కొంచెం ఆగాలి. ఇవే నాడులు మంటను ఆర్పే పెప్టైడ్లను కూడా వదులుతాయి. 1970లో ఈజిప్టులో పుట్టిన సామీ సయీద్, విక్టర్ మట్ అనే ఆయనతో కలిసి పంది పేగుల నుంచి తీసిన వి.ఐ.పి. అటువంటిది. అది తెల్లకణాల ఆవేశాన్ని తగ్గిస్తుంది. వాచిన చోటికి చేరిన తెల్లకణాలు తామే నల్లమందు వంటి ఎండార్ఫిన్లను వదిలి నొప్పిని తగ్గించడం కూడా ఉంది. అనగా కబురు ఒక వైపు నుంచే పోదు, ఇటూ అటూ నడుస్తుంది. అందుచేత లెక్క కూడా సులభం కాదు. సబ్‌స్టెన్స్ పి.ని అడ్డుకుంటే నొప్పులు పోతాయని ఎన్నో కంపెనీలు మందులు తయారుచేశాయి. జంతువులకు పనిచేసినవి మనుషుల నొప్పికి పనిచేయలేదు. వాటిలో ఒకటి 2003 నుంచి కాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు పనికివస్తోంది. సి.జి.ఆర్.పి.ని అడ్డుకునే ఇంజెక్షన్లు మాత్రం 2018 నుంచి పార్శ్వపు నొప్పికి మేలు చేస్తున్నాయి. పైగా మన సుతారి విషయంలో వంశం నుంచి వచ్చిన తత్వం ఉంది, సిమెంటు ఒరిపిడి ఉంది. చర్మం ఒరుసుకున్న చోట సోరియాసిస్ పుట్టడం డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలిసినదే. వీటన్నిటి మీద దుఃఖం వచ్చి చేరింది. అన్నిటినీ తుడిచి మనసు అన్న ఒక్క మాట రాయడం శాస్త్రం కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాము. దుఃఖం జబ్బును పెంచిందనే ఒప్పుకుందాము. అంతమాత్రాన అది రోగి తప్పు అవుతుందా? కారణం వేరు, తప్పు వేరు. తన చేతిలో ఉన్నదానిని చేయకపోతే తప్పు అంటాము. నాడి కొస నుంచి ఏ పెప్టైడ్ ఎంత వెలువడాలన్నది ఎవరి చేతిలోనూ లేదు. గుండె కొట్టుకోవడం ఎలా మన ఆజ్ఞకు లోబడదో అదీ అంతే. "నా చేతులే నా మాట వింటలేవు" అని అతను అన్నది ఏ పుస్తకమూ చదివి కాదు, కాని అంతకంటె సరిగా చెప్పడం మాకు చేతకాదు. ఆ చేతులు తల్లి పోయిన కబురు విన్నాయి. గట్టిగా ఉండమన్న ఆజ్ఞ వాటిదాకా పోలేదు.

అందరికీ ఇలా కావడం లేదు కదా అన్న మాస్టారి ప్రశ్నకు ఈ దేశమే ఒక జవాబు చెబుతున్నదని మాకనిపిస్తుంది. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదని నిబంధన ఉంది. ఒకే ఎండలో పదిమంది పని చేస్తే ఒక్కడే పడిపోవచ్చు. పడినవాడిలో సత్తువ తక్కువని, మిగిలినవారు నిలబడ్డారు కదా అని వాదించవచ్చు. నిబంధన ఆ వాదనలోకి పోదు. ఎవడి తత్వం ఎటువంటిదని అడగదు. ఎండ మనిషి ఒంటిని చెరుస్తుంది గనుక, పనివేళలు నిర్ణయించేవాడే దానికి జవాబుదారీ అంటుంది. ఎండ చర్మం మీదుగా లోపలికి పోతుంది. దుఃఖం చెవి మీదుగా పోతుంది. రెండూ ఒంటినే చేరతాయని తెలిసిన తరువాత, ఒకదానిని లోకం సమస్య అనీ, రెండవదానిని వాడి మనసు సమస్య అనీ విడదీయడం ఏం న్యాయం? తల్లి పోయిన మనిషికి పది రోజుల సెలవు ఇవ్వడం, రాత్రి నిద్రపోయే వీలు కల్పించడం మనుషుల చేతిలో ఉన్న పనులు. చేతిలో ఉన్న పని ఎక్కడ ఉందో తప్పు కూడా అక్కడే వెతకాలి. జబ్బుకు మనసుతో సంబంధం ఉందని రుజువయితే రోగి మీద భారం పెరగదు. చుట్టూ ఉన్నవారి మీద పెరుగుతుంది. మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, మాస్టారే లేవదీశారు. "అయితే పక్కవాడి ఒంటి మీద వచ్చే ప్రతి దద్దురుకూ నన్ను బాధ్యుణ్ణి చేస్తారా? నేనొక కఠినమైన మాటంటే వాడి కీళ్ళు వాస్తే నేను ముద్దాయినా?" అన్నారు. నిజమే, అలా లెక్క కట్టడం కుదరదు. ఏ కబురు ఏ నాడిని ఎంత కదిలించిందో చెప్పగల త్రాసు ఎవరి దగ్గరా లేదు. బాధ్యత అంటే శిక్ష వేయడమని మేము అనడం లేదు. చేయగలిగినవాడు చేయవలసినది చేయడమని మాత్రమే అంటున్నాము.

మరొక అపాయం కూడా ఉంది. మనసు ఒంటిని తాకుతుందన్న నిజాన్ని పట్టుకుని, మంచి ఆలోచనలు చేస్తే ఏ జబ్బయినా పోతుందని చెప్పి డబ్బు గుంజేవారు ఈ రోజుల్లో చాలామంది ఉన్నారు. వారి మాట నమ్మినవాడికి జబ్బు తగ్గకపోతే, నీ ఆలోచనలే మంచివి కావంటారు. నర్సమ్మగారి భయం ఇదే, అందులో నూటికి నూరుపాళ్ళు నిజం ఉంది. దుఃఖం రోగాన్ని పెంచినంత మాత్రాన ఓదార్పు ఒక్కటే రోగాన్ని కుదర్చదు. మనోవ్యాధి సంగతి ఎలా ఉన్నా ఈ వ్యాధికి మందు ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు (1895-1948) అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం తయారుచేసిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. కాన్సర్ కోసం పుట్టిన ఆ మందును సోరియాసిస్‌కూ కీళ్ళవాతానికీ చిన్న మోతాదులో నేటికీ వాడుతున్నారు. తెలుగువాడి చేతి చలవ ఉన్న మందు ఉండగా, మందు లేదని సామెత చెప్పి లేచి రావడం మనకు తగదు.

చివరగా ఒక సందేహం, ఇది మాలో మాకే కలిగింది. ఓదార్చడం వల్ల మంట తగ్గుతుంది గనుక ఓదార్చాలి అని మేము చెబుతున్నామా? అలా అయితే, రేపు ఎవరో పరిశోధన చేసి ఓదార్పు వల్ల ఒక్క పొలుసు కూడా రాలలేదని తేలిస్తే, మనం వెళ్ళి పలకరించడం మానవచ్చా? మానలేము. తల్లి పోయినవాడి పక్కన కూర్చోవడం వాడి తెల్లకణాల కోసం చేసే పని కాదు. అది మనిషికి మనిషి పడిన బాకీ. శాస్త్రం ఆ బాకీని పుట్టించలేదు, రద్దు చేయలేదు. శాస్త్రం చేసిన మేలు వేరు. మనం బాకీ ఎగవేయడానికి చెప్పుకునే సాకును అది తీసివేసింది. అంతా మనసులోనే ఉందిలే, మనదేముంది అనుకునే వీలు ఇక లేదు.

ఆ సుతారిని నర్సమ్మగారు పట్టుబట్టి చర్మ వైద్యుడికి చూపించారు. నెత్తురు పరీక్షలు చేసి, వారానికి ఒక రోజు వేసుకునే మాత్రలు రాశారు. పూతమందు ఇచ్చారు. నలుగురూ అడగగా అడగగా సెలవు కూడా దొరికింది, ఇంటికి వెళ్ళి తల్లి మాసికానికి అందుకున్నాడు. ఇప్పుడు తిరిగి వచ్చి పనిలో ఉన్నాడు. అరచేతులు మానాయి, మోచేతులు ఇంకా మానలేదు. మందు వల్ల ఎంత, సిమెంటుకు దూరంగా ఉండడం వల్ల ఎంత, మాసికం నాడు తమ్ముడి పక్కన కూర్చోవడం వల్ల ఎంత అని అడిగితే మేము చెప్పలేము. మాస్టారు మొన్న అతనికి ఫోను చేసి, చేతులెలా ఉన్నాయి నాయనా అని మాత్రం అడిగారు. మనసు గట్టి చేసుకొమ్మని అనలేదు.

రోగి మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆ పాత మాటకు బదులుగా ఏం మాట్లాడితే బాగుంటుందో సభ్యులు ఆలోచించి, తమ అనుభవాలు రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాము. మా వాదనలో పొరపాటు ఉంటే అదీ రాయవచ్చు. మాస్టారు తమ జవాబు రాస్తామని ఇప్పటికే చెప్పారు.